అరువు చెయ్యి

రాజమండ్రి ఆసుపత్రిలో భుజం కసరత్తులకి వెళ్ళే రోజుల్లో ఆయన నాకు పరిచయం. ఇద్దరికీ కుడి భుజానికే ఆపరేషన్, ఇద్దరి చెయ్యీ మెడకి వేలాడే బెల్టులోనే. ఆయనది భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం. ఎదురైన ప్రతివాళ్ళకీ రెండు చేతులూ జోడించకపోతే ఆయనకి ఊపిరాడదు. చెయ్యి తటాలున లేపితే లోపల కుట్టింది మళ్ళీ తెగుతుందని డాక్టరుగారు గట్టిగా హెచ్చరించారు.

"నమస్కారం గుండె దగ్గరే పెట్టండి, చెయ్యి ముప్ఫై డిగ్రీలు లేపితే చాలు," అని లెక్క చెప్పాను.

"పెద్దవాళ్ళు కనపడితే అది నెత్తిమీదకి పోతుందండి, ఆగదు!"

అందుకని వాళ్ళావిడ ఆయన కుడిపక్కనే నిలబడేవారు. ఎవరొచ్చినా ఆయన ఎడమచెయ్యి, ఆవిడ కుడిచెయ్యి కలిసి ఒక నమస్కారం అయ్యేది. ఒకరోజు ఇద్దరూ పోట్లాడుకుని చెరోవైపు తిరిగి కూర్చున్నారు. ఇంతలో నర్సు వచ్చింది.

"చెయ్యి ఇయ్యవే!"

"ఇస్తాను కానీ, మీతో మాట్లాడను."

చివరికి ఆయన బెల్టు తీసే రోజు వచ్చింది. చెయ్యి లేస్తుందో లేదోనని ఆవిడ కళ్ళు మూసుకున్నారు. అది మెల్లగా నెత్తిదాకా లేచింది. ఆయన డాక్టరుగారికి రెండు చేతులూ జోడించారు. నా కుడిచెయ్యి ఇంకా బెల్టులోనే ఉంది; సంతోషం పట్టలేక నేనూ డాక్టరుగారికి నా ఎడమచెయ్యి ఎత్తాను.

"అయ్యయ్యో, ఒంటిచేత్తోనా! ఏమేవ్, ఆయనకో చెయ్యి ఇయ్యి."

"బాగుంది సంబడం!" అని ఆవిడ చేతులు కొంగులో దాచేసుకున్నారు.

దాంతో ఆయనే నా కుడిపక్కకి వచ్చి, కొత్తగా లేచిన ఆ చేతిని నా అరచేతికి ఆనించారు. డాక్టరుగారికి ఇద్దరం కలిసి ఒక నమస్కారం పెట్టాం.