పుస్తకంలో లేని కుంచం

నిన్న మా ఇంటి ఎదుట, కోట ఊరికి పోయే రోడ్డు మీద వడ్లు తూచారు. కొత్త వడ్ల వాసన, దానితోపాటు నూగు దుమ్ము కిటికీలోంచి లోపలికి వచ్చాయి. ఎలక్ట్రానిక్ కాటా మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. అయినా బస్తాలు లెక్కపెట్టే మనిషి ఒకటి అనలేదు. "లాభం" అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అన్నాడు. కొలిచేటప్పుడు అలా అనడం మా పాత అలవాటు. ధర మాట్లాడుకున్నదీ పుట్టి లెక్కనే. మా నెల్లూరు పుట్టి అంటే ఎనిమిది వందల యాభై కిలోలు. కిలోలు వచ్చి అరవై ఏళ్లు దాటినా పుట్టి ఎక్కడికీ పోలేదు, కిలోల్లో ఒదిగి కూర్చుంది. ఇలాంటివి కంటపడినప్పుడల్లా నాకు ఎస్తేరు టీచరు గుర్తొస్తారు.

1962లో ఆవిడ మా పల్లె బడిలో నాకు ఐదో తరగతి చెప్పారు. ఊళ్లో అందరికంటే ఎక్కువ పొలమున్న రమణయ్యగారింట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. ఆదివారం కోట దాకా నడిచి చర్చికి పోయి వచ్చేవారు. అక్షరం వంకర పోతే ఊరుకునేవారు కానీ, అంకె వంకర పోతే మళ్లీ రాయించేవారు. సర్కారు వీశెలు, శేర్లు, కుంచాలు తీసేసి కిలోలు, లీటర్లు తెస్తున్న రోజులవి. ఊళ్లో వాటిని మనస్ఫూర్తిగా కోరుకున్న మనిషి ఆవిడ ఒక్కరే అనుకుంటాను.

మా అమ్మ పెంచలమ్మ కోతకూలికి పోయేది. కూలి వడ్ల రూపంలో, కుంచాలతో కొలిచి ఇచ్చేవారు. ఆ గింజలే మా ఇంట్లో సగం ఏడాది తిండి. అందుకని కుంచం మారుతుందంటే అమ్మకు భయం. కుంచం నిండిందో లేదో కంటికి కనిపిస్తుంది, కిలో ఎక్కడ కనిపిస్తుంది అనేది. టీచరు సాయంత్రాలు బడి వరండాలో ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పేవారు.

"మీ కుంచం ఈ ఊరు దాటితే చెల్లదు మే. కోటలో ఒక కుంచం, సంగంలో ఇంకోటి. కిలో యాడికి పోయినా కిలోనే. నలుగురిళ్లకు కూలికి పోయేవాళ్లకు అంతకంటే తోడేముంది?"

చివరికి వాళ్లు ఒప్పుకున్నారు. కుంచానికి ఎన్ని కిలోలివ్వాలని రమణయ్యగారు అడిగితే, లెక్కల పుస్తకంలోని పట్టిక చూసి టీచరే చెప్పారు. ఆయన సరేనన్నారు.

కూలి కొలిచే రోజు దగ్గర పడింది. ఆ పట్టిక నిజమని తరగతిలో మాకు చూపించడానికి టీచరు అంగడి నుంచి తక్కెడ, కొత్త కిలోరాళ్లు తెప్పించారు. రమణయ్యగారి ఇంటినుంచి కుంచం తెప్పించి, వడ్లు పోసి, కర్రతో చదును చేసి, ఒక పళ్లెంలో పోశారు. రెండో పళ్లెంలో పుస్తకం చెప్పినన్ని రాళ్లు పెట్టారు. వడ్ల పళ్లెం నేలను వదల్లేదు. తక్కెడలో దోషముందేమోనని పళ్లేలు మార్చి చూశారు. అప్పుడూ అంతే. చిన్న రాళ్లు ఒక్కొక్కటే వేస్తూ పోతే, ఇంకో ముప్పావు కిలో వేశాక ముల్లు మధ్యకొచ్చి నిలిచింది.

పుస్తకం తప్పా అని నేనే అడిగాను.

"పుస్తకం తప్పు కాదు పాపా. అది రాసినోళ్ల కుంచం వేరు, మన కుంచం వేరు. నేను తూచి చూడకుండా చెప్పినాను. తప్పు నాది."

కుంచానికి ముప్పావు కిలో చొప్పున మా అమ్మలాంటి వాళ్లకు ఎంత పోతుందో ఆవిడ బోర్డు మీదే లెక్క వేశారు. తర్వాత తక్కెడ మాచేత మోయించుకుని నేరుగా కళ్లానికి నడిచారు. రమణయ్యగారితో ఇంట్లోనే, ఒంటరిగా మాట్లాడుకోవచ్చు. అలా చేయలేదు. కోతవాళ్లంతా వింటుండగా జరిగింది చెప్పారు.

ముందు నవ్వింది మా అమ్మే. "అయితే మా కుంచమే నయం గదా టీచరమ్మా. ఇంక మీ కిలో కథలు చాలించండి." మిగిలిన ఆడవాళ్లూ అదే మాటన్నారు. అన్ని సాయంత్రాల కష్టం అక్కడే పోయేటట్టుంది. రమణయ్యగారికి నవ్వు రాలేదు. "మీరు చెప్పిందే గదా నేను ఒప్పుకున్నాను. నా ఇంట్లో ఉండి నాకే ఎదురు తూకమా?" అన్నారు. రేపు ఆ గది ఖాళీ చేయమంటే ఊళ్లో ఆవిడకు ఇంకో గది దొరకదని నాకే తెలుసు, ఆవిడకు తెలియదా.

"ఇల్లు మీదే రమణయ్యన్నా, కుంచమూ మీదే. అందుకే మీ కళ్ల ముందర తూచమంటున్నా."

ఆయన పైకండువాతో మెడ తుడుచుకుని, కుప్పవైపు చూసి, తూచండి, ఎక్కువొస్తే ఎక్కువే ఇస్తానన్నారు. టీచరు తాను తక్కెడ ముట్టలేదు. రాళ్లు మా అమ్మ చేతికిచ్చారు. అమ్మ భయంగా ఒక్కొక్కటే వేసింది. ఆఖరి చిన్న రాయి పడ్డాక ముల్లు మధ్యకొచ్చింది. అమ్మ వంగి, తల ఒకసారి అటూ ఒకసారి ఇటూ వాల్చి చూసింది.

"ఇదీ కంటికి కనిపిస్తాందే," అన్నది.

ఆ ఏడు కూలి కిలోల్లోనే, సరైన లెక్కతో ఇచ్చారు. గింజ తగ్గలేదు. టీచరు గది కూడా ఆవిడకే ఉంది. మరుసటేడు కోతలకు సంగం వైపు పోయినప్పుడు అక్కడి కుంచం ఎంతో అడగకుండా, మాకు కిలోల్లో ఇవ్వండని మా అమ్మే మేస్త్రీతో బేరమాడింది.

మా చెల్లెలి మనవరాలు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. వాళ్లకు విదేశం నుంచి వచ్చే డ్రాయింగులు అంగుళాల్లో ఉంటాయట. రోజంతా వాటిని మిల్లీమీటర్లలోకి మార్చలేక విసుగొచ్చి, ఆ దేశం కూడా మారిపోతే పోదా అమ్మమ్మా అని అడిగింది. మారాలనే చెప్పాను. కొలత అందరికీ ఒకటైతే, ఊరుకాని ఊళ్లో బతికేవాళ్లకు ధైర్యం. కానీ మార్చేవాళ్లు పట్టిక అచ్చువేసి ఊరుకోకూడదని, కళ్లం దాకా రావాలని కూడా చెప్పాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. బోర్డు మీద తప్పు చేసినప్పుడల్లా పిల్లలవైపు తిరిగి, తప్పు నాది అని గట్టిగా చెప్పేదాన్ని. మొదటిసారి చెప్పినప్పుడు తరగతి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ రోజు మిగిలిన పాఠం విన్నంత శ్రద్ధగా అంతకుముందెప్పుడూ వినలేదు వాళ్లు.