బారిడీహ్‌లో కథ చదివిన సాయంత్రం

నా కథ మొదటిసారి వారపత్రికలో అచ్చయింది. దాన్ని నా చేతులతోనే అక్కకు ఇవ్వాలనిపించింది. బావకు జంషెడ్‌పూర్‌లో ఫిట్టరు పని. అలా కిందటి నెల విజయనగరంలో బండెక్కి, ఖరగ్‌పూర్‌లో మారి, మర్నాడు పొద్దెక్కాక జంషెడ్‌పూర్ స్టేషను టాటానగర్‌లో దిగాను. స్టేషన్ బయట సాక్చీ బజారు మీదుగా అక్కావాళ్ళుండే బారిడీహ్ వెళ్ళే టెంపోలుంటాయి. సామాను పైన కడితే అదనంగా అడుగుతారు కాబట్టి సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాను. నా హిందీ వినగానే డ్రైవరు నవ్వాడు. "తెలుగోలా? మాదీ అటేనమ్మా. మా నాయిన రైల్వేలో సేసి పర్సుడీహ్‌లో ఉండిపోయాడు." ఎందుకొచ్చానో చెబితే, "అక్క మీదే రాసినారేటి?" అన్నాడు. అవునన్నాను, ఎంతో గర్వంగా.

నాకు వంట చేసే హడావిడిలో అక్క పత్రికను తలగడ కింద దాచింది, నిదానంగా చదువుకుంటానని. సాయంత్రం షిఫ్టు దిగాక ఇరుగుపొరుగు వరండాలో చేరారు. అక్క అత్తగారే అడిగింది: "నాకు అచ్చరాలు రావు, నువ్వే సదివి ఇనిపించమ్మా." పేర్లు మార్చానుగా, అది చాలనుకుని చదివాను. మొదట అందరూ నవ్వారు. తర్వాత, కడుపు పోయిన కోడలు అత్తకు వినబడకుండా స్నానాలగదిలో కుళాయి విప్పి ఏడ్చే ఘట్టం వచ్చింది. ఆ అత్తది రాతిగుండె అని రాశాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది. చూశాను. నా రాత ఆమెను కదిలించిందనుకుని ఇంకాస్త గొంతు పెంచాను.

"కుళాయి ఇప్పుకొని ఏడిసిందా ఆ కోడలు?" అంది అత్తగారు.

"కథ కదత్తా. ఊరికే కల్పించి రాత్తారు," అంది అక్క, తలెత్తకుండా.

పొరుగువాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. వంటింట్లో అక్క నాతో ఒక్క మాటే అంది: "నీకొక్కద్దానికే సెప్పేనే." మర్నాడు బావ పార్కు చూపించాడు. అక్కడ ఏం చూశానని అడిగితే చెప్పలేను.

తిరుగు ప్రయాణం రోజు అత్తగారు గేటు దాకా వచ్చింది. వెనకాల అక్క నా సంచి పట్టుకుని నిలబడింది.

"మల్లీ రాత్తావేటి?"

"రాయను అత్తయ్యా."

"రాయి. ఆ ఏడుపు అత్తకి ఇనబడేదని రాయి. తలుపు కొట్టడానికి సెయ్యి రాలేదని కూడా రాయి."

అక్క ఆవిడ వైపే చూస్తూ ఉండిపోయింది. రాయనా అని నేను అడిగితే, "అత్త సెప్పినంత వరకే," అంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ మాటతో నా తప్పేమీ తేలికపడలేదు. అక్క నన్ను నమ్మి చెప్పిన దుఃఖాన్ని నా నేర్పు అనుకుని నలుగురి ముందు చదివాను. ఎదురుగా కూర్చున్న మనిషి చెయ్యి ఆగిపోవడం చూసి కూడా నేను ఆగలేదు. కథ రాయడం వచ్చిందనుకుని వెళ్ళినదాన్ని, మనుషుల దగ్గర మెలగడం ఇంకా రాలేదని తెలుసుకుని వచ్చాను. ఇప్పుడు ఆ పత్రిక చేతికొస్తే నా పేరున్న పేజీ తిప్పేస్తున్నాను.

అటు వెళ్ళేవారికి ఒక మాట: షిఫ్టు వదిలే వేళ బారిడీహ్ నుంచి బయల్దేరకండి. రోడ్డంతా సైకిళ్ళే, టెంపో కదలదు. నేను ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి బండి అందుకున్నాను.