మా అక్క పెళ్లిచీర, నా రెండో బీడీ

ఒకే ఒక్క బీడీతో ఒక పెళ్లిని, ఒక మగ్గాన్ని, మూడు తరాల పరువును కలిపి ముట్టించిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి, నేనే. అప్పటికి నాకు పద్నాలుగు నిండి పదిహేను నడుస్తోంది. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులు. రాష్ట్రాలే మారిపోతుంటే నేను మారకపోతే ఎట్లా అనుకునే వయసు.

మాది చొప్పదండి పక్కన చిన్న పల్లె. నేతవాళ్లం. తాత, బాపు, మేం అవ్వ అని పిలిచే అమ్మ, అక్క, నేను, ఒక గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని నేస్తారు కాబట్టి దానికా పేరు. ఇంట్లో మా అందరికంటే దానికే మర్యాద ఎక్కువ. మగ్గం అర్రలో, అంటే ఆ గదిలో, నిప్పు కనబడకూడదని తాత శాసనం. దీపం కూడా గడప అవతలే ఆగిపోయేది.

ఆ మగ్గం మీద తాత స్వయంగా అక్క పెళ్లిచీర నేస్తున్నాడు. కుంకుమరంగు పట్టు. పెళ్లి ఇంకా ఆరు రోజులే. అక్క రోజుకు పదిసార్లు వచ్చి, తడిచేతులు లంగాకు తుడుచుకుని, వేలికొసతో అంచును తాకి పోయేది.

"తాతా, ఇంకెంత ఉన్నది?"

"నీ మొగుడు గుర్రమెక్కే లోపల అయితది తియ్యి. నువ్వు తొందర చెయ్యకు, పో!"

ఇక పొగ సంగతి. తాతది చుట్ట, బాపుది బీడీ. కానీ పెద్దల ముందు తాగడం మహాపాపం. నలభై ఏళ్ల మా బాపు, తాత దగ్గు వినపడితే చాలు, వెలుగుతున్న బీడీని అరచేతిలో మూసుకుని వానల గురించి మాట్లాడేవాడు. చెయ్యి కాలుతున్నా ముఖంలో మాత్రం భక్తి తగ్గేది కాదు.

నన్ను చూసిన ప్రతి చుట్టమూ "అచ్చం తాత ముక్కే!" అనేవాడు. నడక బాపుది, తుమ్ము తాతది. నాదంటూ ఒంటి మీద ఏమీ మిగల్లేదు. అంత ముక్కు వచ్చినవాడికి దాంట్లోంచి వదలవలసిన పొగ రాకుండా పోతుందా? ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. మా ఇంట్లో ఆవూ, ఆవును కన్న ఆవూ కూడా చేలోనే ఉన్నాయి.

ఈ దూడకు చేను దారి చూపించినవాడు నా క్లాసువాడు మల్లేశం. వాడికి అప్పుడే మీసం మొలిచింది. నాకు అక్కడ చెమట తప్ప ఏదీ మొలవలేదు. వాడొకరోజు బడి గోడ వెనక బీడీ చూపించి, "తాగుతవా?" అన్నాడు.

"అమ్మో! మా బాపు సంపుతడు."

"మీ బాపు తాగుతడా?"

"తాగుతడు."

"మీ తాత?"

"చుట్ట."

"మరింకేం ఫికర్‌రా! నీ నెత్తురుల్నే పొగ ఉన్నది. తాగకుంటెనే తప్పు."

ఇంత గొప్ప వకీలు దొరికాక ఎవడాగుతాడు? ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, నాకు ఆరు నిమిషాలు చాలాయి. మొదటి బీడీకి దగ్గీ దగ్గీ కళ్లు బయటికొచ్చాయి. "గంతే, నాలుగు తాగితే మొగోనివైతవ్" అని వాడు రెండోది నా జేబులో పెట్టాడు, అగ్గిపుల్లలతో సహా. పోరలు పొగ మొదలుపెట్టేది నెత్తురు వల్లనా, సావాసం వల్లనా అని ఇప్పుడు మా మనవడు నాతో వాదిస్తుంటాడు. నా మట్టుకు నెత్తురూ దోషే, సావాసమూ దోషే. నేనొక్కణ్ణే అమాయకుణ్ణి.

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాల దగ్గర ఉండగా నేను చోటు వెతికాను. నిప్పు నిషేధమున్న చోట నిప్పు ఉంటుందని ఎవరనుకుంటారు? మగ్గం అర్ర! నా తెలివికి నేనే మురిసిపోయి, గుంతలోకి దిగి, రెండో బీడీ ముట్టించాను. రెండు దమ్ములు లాగానో లేదో, అడుగుల చప్పుడు! గబుక్కున ముడుచుకుని చీర కింద దాక్కున్నాను.

వచ్చింది బాపు. అటూ ఇటూ చూసి, బీడీ తీసి ముట్టించాడు. తండ్రీకొడుకుల తెలివి ఒకటే! అంతలో బయట తాత దగ్గు. బాపు బీడీని గుంతలోకి విసిరాడు. అది నేరుగా నా వీపు మీద పడింది. నేను నా మోకాలును కొరికి పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నవ్‌రా ఈడ?"

"ఏం లేదు, పట్టు సూస్తున్న."

"సూసింది చాలు. బువ్వ తిను పో."

బాపు పోయాడు. తాత తలుపు దగ్గరికి వేసి, నిశ్శబ్దంగా చుట్ట వెలిగించాడు! శాసనం రాసినవాడే! నాకు వీపు మంట మరచిపోయేంత ఆశ్చర్యం. అప్పుడే ఒక వాసన వచ్చింది.

"ఎంటికలు కాలిన కంపు వస్తుందేంది?" అన్నాడు తాత.

పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసనే. నేను తల తడుముకోబోయాను, ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది. ఒళ్లంతా దాచుకుని, బీడీ పట్టుకున్న చేతిని మాత్రం పైకే, చీర అడుగుకు ఆనించి, మరిచిపోయాను! కేకపెట్టి, మంటను అరచేతితో నులిమి, గుంతలోంచి లేచాను. తాత నాకంటే పెద్ద కేక పెట్టాడు. బాపు, అవ్వ, అక్క పరుగెత్తుకొచ్చారు. చీర కొంగులో శనగగింజంత చిల్లు.

అక్క దాన్ని చూసి అక్కడే కూలబడింది. ఆ కొంగు పట్టుకుని ఏడ్చేసింది.

"నాదే పాపం బిడ్డా, నా చుట్ట రవ్వ పడ్డది" అన్నాడు తాత.

"నీది కాదు, నా బీడీ" అన్నాడు బాపు.

"మగ్గం అర్రల బీడీ తాగినవా?"

"నువ్వు చుట్ట తాగలేదా?"

"గా పోరడు గుంతల ఏం చేస్తుండు?" అంది అవ్వ.

"దారం కండెలు ఏరుతుండొచ్చు," అన్నాడు తాత. "వాడే ఉరికి మంటార్పిండు. అరచేతి బొబ్బ సూడు!"

అక్క నా చెయ్యి పట్టుకుని ఊదింది. "నువ్వు లేకుంటే చీరంత కాలిపోవు గదరా తమ్ముడా." అప్పుడైనా నోరు మూసుకోవద్దా? వీరుణ్ణయిపోయిన సంబరంలో ఊగిపోయాను. "మంట కనబడంగనే ఎగిరిన అక్కా! నా పానమైనా ఇస్త గని నీ చీరనిస్తనా?"

తాత వంగి చీర అడుగువైపు చూసి, బొటనవేలితో చిల్లు తడుముతున్నాడు. "పైపోగులు కొద్దిగనే కాలినయ్. కిందిపోగులు మస్తు కాలినయ్. నిప్పు కిందికెంచి వచ్చింది." నాలుగు జతల కళ్లు గుంతలోకి తిరిగాయి.

"నేను గుంతలేసిన బీడీనేమో!" అని బాపు వంగి వెతికాడు. అది నా అంగీ వీపుకు చిల్లు పెట్టి, దానికే అంటుకుని ఉంది. "నాది గీడున్నది. మరి చీర కాల్చింది ఎవలది?"

నేను ఏమన్నానో తెలుసా? "నెత్తురుల్నే ఉన్నదట తాతా."

అక్క నా చెయ్యి వదిలేసింది. బొబ్బ అంత నొప్పి పెట్టలేదు, ఆ వదిలేయడం పెట్టింది. అక్క కళ్లు తుడుచుకుని లేచింది. "నెత్తురో సావాసమో నాకు తెల్వది. నాకు చీర గావాలె. కాల్చినోళ్లు ముగ్గురు గలిసి ఎట్ల చేస్తరో చేయిరి." చుట్టలు, బీడీలు, అగ్గిపెట్టెలు అన్నీ ఓణీ కొంగున మూటగట్టుకుని పోయింది.

తాత జరీ పోగుతో ఆ చిల్లు మీద చిన్న పువ్వు కుట్టాడు. ఒక్కటే ఉంటే మొటిమలా ఉంది. దాంతో కొంగంతా అటువంటివే వేయవలసి వచ్చింది. ఐదు రోజులు తాత, బాపు వంతులవారీగా కూర్చున్నారు, నేను సూదుల్లోకి దారాలెక్కించాను. పొగ లేక ముగ్గురం ఒకరినొకరు కరవడానికి సిద్ధంగా ఉన్నాం. ఐదో రోజు సాయంత్రం చీర మగ్గం మీంచి దిగింది.

పెళ్లిలో అక్క అత్తగారు కొంగు పట్టి చూసింది. "గీ బుటా మా దిక్కు ఏడ సూడలే. ఎవలు ఏసిన్రు?"

తాత పందిరి ఆకులు లెక్కపెట్టసాగాడు. బాపుకు దగ్గొచ్చింది. నేను బెల్లంపల్లి బొగ్గుబాయికి పారిపోవడానికి దారి చూసుకున్నాను. అక్క నావైపు చూసి, మెల్లగా, "మా తమ్ముడు మొదలువెట్టిండు అత్తమ్మా" అంది.

నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. నన్ను క్షమించేసింది!

అత్తగారు నా తల నిమిరింది. "గింత పోరడు ఎంత పనిమంతుడు! మా చిన్నబిడ్డ పెళ్లిచీరకు గూడ నువ్వే మొదలువెట్టాలె బిడ్డా!"

"వద్దు!" అన్నారు తాత, బాపు, అక్క ఒక్క గొంతుతో.

ఆనాడే ప్రమాణం చేశాను. పడుగు సాక్షిగా, పేక సాక్షిగా, అరచేతి మచ్చ సాక్షిగా, ఈ కట్టె కాలేదాకా నేను ఇంకేదీ కాల్చను.