సీతాబాయి లెక్కే వేరు

సీతాబాయి నోట్లో పడిన ఏ అంకె అయినా పదింతలై బయటికి వస్తుంది. ఇది పుట్టుకతో వచ్చిన గుణమో, మూసాపేట నీళ్ల మహిమో ఎవరికీ తెలియదు. మెట్ల మీద పిల్లి పడుకుంటే పులంత ఉందంటుంది. నాలుగు చినుకులు రాలితే మూసాపేట మునిగిందంటుంది. పాలవాడు కాస్త ఆలస్యమైతే చాలు, వాడి మొహం చూసి ఏడాదయిందని వీధి వీధంతా వినేలా చెబుతుంది. అలాగని వాటిని అబద్ధాలు అనడానికి వీల్లేదు. అబద్ధం చెప్పేవాళ్లు ఎక్కడో ఒకచోట తడబడతారు. సీతాబాయి తడబడదు.

ఆ మాటల తాకిడి రోజూ భరించేది ప్రశాంతి. సీతాబాయి ఇంట్లో మేడమీద గదిలో కిరాయికి ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. అంతేకాదు, మన దేశపు మహిళల గోల్‌బాల్ జట్టుకు కెప్టెన్ కూడా. ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున ప్రాక్టీసుకు బయల్దేరుతుంటే సీతాబాయి అడ్డం పడింది.

"పోకు బిడ్డా! మెట్రో కాడ లచ్చ మంది ఉన్నరు. నలిగి పచ్చడైతవ్!"

"నువ్వు చూసినవా పెద్దమ్మా?"

"చూడకుండనే చెప్తనా? నడువు, నేనొస్త."

తీరా ఎక్కితే రైలు పెట్టెలో ఎవరికి నచ్చిన సీట్లో వాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు.

"అందరు ముందటి రైల్ల పోయినట్టున్నరు" అంది సీతాబాయి, ఏమాత్రం తొణకకుండా.

అప్పటి నుంచి ప్రశాంతి ఒక పద్ధతి పెట్టుకుంది. పెద్దమ్మ ఏ లెక్క చెప్పినా మనసులోనే పదితో భాగించుకుంటుంది. దోమలకూ, వానకూ, చుట్టాలకూ ఆ లెక్క చక్కగా సరిపోయేది. ఇక సీతాబాయి సంగతి చెప్పాలంటే, ఆ ఆదివారం తోడు వచ్చిన మనిషి మళ్లీ వదల్లేదు. అమ్మాయిలకు నీళ్లందించడం, మోచేతి గాయాలకు మందు రాయడం ఆమె పనే అయిపోయింది. చివరికి కోచ్ రవికిరణ్ ఆమెను జట్టు సహాయకురాలిగా పెట్టుకున్నాడు.

గోల్‌బాల్ చూపు లేనివాళ్ల ఆట. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. కాస్తో కూస్తో చూపున్నవాళ్లకు లాభం కలగకుండా అందరూ కళ్లకు గంతలు కట్టుకోవాలి. బంతిలో మువ్వలుంటాయి. అవతలివాళ్లు దాన్ని దొర్లిస్తే ఆ చప్పుడును బట్టి ఒళ్లంతా అడ్డం పడేసి ఆపాలి. అందుకే ఆట నడుస్తున్నంతసేపూ చూసేవాళ్లు కిక్కురుమనకూడదు. చప్పట్లన్నీ గోల్ పడ్డాకే. ఈ నియమం సీతాబాయికి తెగ నచ్చింది. ఎందుకు నచ్చిందో తర్వాత తెలిసింది.

ఈ ఏడాది ఆసియా జట్ల పోటీ గచ్చిబౌలిలో ఒక ఇండోర్ స్టేడియంలో జరిగింది. మనవాళ్లు అప్పటిదాకా బయటి దేశం మీద ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మూడు మ్యాచ్‌లున్నాయి. సొంత ఊళ్లోనైనా ఒక్కటి గెలిచి తీరాలని ప్రశాంతి పట్టుదల. మొదటి మ్యాచ్‌కు ముందు, జట్టులో అందరికంటే చిన్నదైన కేపీహెచ్‌బీ కాలనీ అమ్మాయి ఆమని అడిగింది.

"జనం వచ్చారాండీ, పెద్దమ్మగారూ?"

"జనమా! ఇసుకేస్తే రాలరు. పదివేల మంది!"

"మరి ఒక్క చప్పుడూ లేదేంటండీ?"

"ఆట కానూనే అది గదా! పదివేల మంది నోర్లు మూసుకొని కూసున్నరు."

దీనికి ఎవరు మాత్రం ఏం ఎదురు చెప్పగలరు? ఆమనికి చూపు పోయి ఎంతో కాలం కాలేదు, ఆటకూ కొత్త. నమ్మేసింది. ప్రశాంతికి మాత్రం మొదటి బంతికే గుట్టు తెలిసిపోయింది. మువ్వల చప్పుడు ఖాళీ కుర్చీల మీదుగా వెనక గోడ దాకా వెళ్లి, ఖణేలుమంటూ తిరిగొచ్చింది. పదివేలను పదితో కాదు, పదివేలతో భాగించినా ఆ ఒక్కరూ సీతాబాయే అవుతుంది.

మనవాళ్లు ఒక గోల్ వేశారు. ఎడమవైపు చప్పట్లు మోగాయి. వెంటనే ఎవరో పరుగెత్తిన చప్పుడు. కుడివైపు నుంచి మగ గొంతుతో "శభాష్ ఇండియా!" మళ్లీ పరుగు. పైవరసలో సన్నని గొంతుతో "కెప్టెన్ జిందాబాద్!" ఏ మూల చప్పట్లు మోగినా వాటి వెంట వచ్చే గాజుల గలగల మాత్రం ఒక్కటే. ప్రశాంతికి నవ్వాగక బంతి జారిపోబోయింది.

ఆ మ్యాచ్ ఓడిపోయారు. మర్నాటిదీ ఓడిపోయారు. ఆమని సులువైన బంతుల్ని కూడా వదిలేసింది. తిరుగు బస్సులో వెక్కి వెక్కి ఏడ్చింది.

"పదివేల మంది ముందు పరువు పోయిందక్కా. వాళ్లంతా చూస్తున్నారంటే నా కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

ఖాళీ కుర్చీల సంగతి చెప్పేద్దామని ప్రశాంతి నోరు తెరిచింది. ఇంతలో వెనక సీట్లోంచి సీతాబాయి మోకాళ్లకు రాసుకుంటున్న మందు వాసన గుప్పున కొట్టింది. చెప్పబుద్ధి కాలేదు. ఆమని ఏడుపు వింటూ సీతాబాయి మందు సీసా మూత బిగించింది.

ఆఖరి మ్యాచ్ రోజు గంత కట్టుకుంటూ ఆమని బెదురుగా అడిగింది.

"ఇవాళ ఎంతమందండీ, పెద్దమ్మగారూ?"

సీతాబాయి ఆమని గంత ముడి బిగించింది. "ఎవ్వరు రాలే బిడ్డా. ఆ మూలకు వాచ్‌మన్ ఒక్కడు కునుకు తీస్తున్నడు. ఫికర్ చెయ్యకు, నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకో."

జన్మలో మొదటిసారి పెద్దమ్మ ఉన్నదున్నట్టు చెప్పిందనుకుని ప్రశాంతి ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యం మొదటి బంతి వేసేదాకానే. మువ్వల చప్పుడు వెళ్లింది, తిరిగి రాలేదు. ఎక్కడికక్కడ మెత్తగా ఇంకిపోయింది. తనకూ ఆ గోడలకూ మధ్య మనుషులున్నారు. ఊపిరి బిగబట్టుకుని చాలామంది ఉన్నారు. ప్రశాంతి గుండె ఉప్పొంగింది. చొక్కా మీద కుట్టిన దేశం పేరును ఒక్కసారి వేళ్లతో తడుముకుంది. ఆమనికి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా స్కోరు మూడు, మూడు. అప్పుడే ఆమని బంతిని నేలకు తాకించకుండా ఎత్తుగా వేసి తప్పు చేసింది. దానికి శిక్ష ఏమిటంటే, మిగతా ఇద్దరూ పక్కకు తప్పుకోవాలి. తొమ్మిది మీటర్ల గోల్‌ను ఆమని ఒక్కతే కాపాడాలి.

"భయమైతుందా?" అని అడిగింది ప్రశాంతి.

"దేనికక్కా? చూసేవాళ్లెవరూ లేరుగా!" అని నవ్వింది ఆమని. నేల తడిమి, చేతికి తెలిసేలా టేపు కింద తాడు పెట్టి వేసిన గీత చూసుకుని, నడుం వంచి నిలబడింది.

బంతి మూలకు దూసుకొచ్చింది. ఆమని అటు దూకింది. కాలివేళ్ల చివర తగిలి బంతి ఆగిపోయింది. మిగతా ఇద్దరూ తిరిగి వచ్చారు. ప్రశాంతి బంతి అందుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరింది. అవతలి ముగ్గురి మధ్య సందులోంచి మువ్వలు గలగలా వెళ్లి వలను తాకాయి.

స్టేడియం కప్పు ఎగిరిపోతుందా అన్నంత కేక!

"అక్కా!" అని అరిచింది ఆమని, ప్రశాంతి చెయ్యి పట్టుకుని. "ఒక్క వాచ్‌మనేనా ఈ గోలంతా?"

నాలుగు, మూడు. కాసేపటికి ఆఖరి విజిల్ మోగింది. భారత జట్టు గెలిచింది. గెలిచిన ముగ్గురూ ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు, నవ్వారు.

ప్రశాంతి వాళ్ల ఆఫీసు టీం లీడ్ చైతన్య జనంలోంచి ఆయాసపడుతూ దిగి వచ్చాడు. "అదరగొట్టేశావమ్మా! టికెట్లన్నీ అయిపోయాయనీ, బ్లాక్‌లో కూడా దొరకట్లేదనీ మీ పెద్దమ్మగారు మొన్న మన ఆఫీసు గేటు దగ్గర చెప్పారు. ఎలాగైనా చూడాల్సిందేనని ఫ్లోర్ ఫ్లోరంతా దిగాం. మూసాపేట, కేపీహెచ్‌బీ వాళ్లక్కూడా అలాగే చెప్పారట. తీరా వస్తే ఎంట్రీ ఫ్రీ అండీ బాబూ!"

"ఫ్రీ అని చెప్తే వస్తుంటిరా సార్?" అంది సీతాబాయి.

ప్రశాంతి గాజుల చప్పుడు పట్టుకుని దగ్గరికి వెళ్లి, మెల్లగా అడిగింది.

"ఇయ్యాల మోకాళ్లకు జర ఆరాం దొరికిందా, పెద్దమ్మా?"

సీతాబాయి ప్రశాంతి వీపు మీద ఒక్కటిచ్చింది. "దొంగ బిడ్డా! ఎప్పటిసంది తెలుసు నీకు?"

"మొదటి బంతి కాడికెల్లి."

తిరుగు మెట్రోలో సీతాబాయి పక్కసీటు ఆవిడను పట్టుకుంది. "గీ పిల్ల ఎవరనుకున్నవమ్మా? ఇండియా కెప్టెన్! నలభై గోల్సు కొట్టిన్రు. లచ్చ మంది చూసిన్రు!"

"నిజమాండీ?" అంది ఆవిడ ప్రశాంతి వైపు తిరిగి.

ప్రశాంతి అలవాటు కొద్దీ పదితో భాగించబోయి, మానేసింది.

"అవునండీ" అంది. "లచ్చకు ఇంకో నలుగురు ఎక్కువే ఉంటరు."