కడిగిన కంకర

1959వ సంవత్సరంలో నేను కరీంనగర్ జిల్లాలో రోడ్డు పనుల సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. వానలు మొదలయ్యే మిరుగం (మృగశిర) కార్తె దగ్గరపడింది. మంథనికి పోయే దారిలో ఒక పల్లె ముందరి రోడ్డుకు సీల్ కోట్ వేయించే బాధ్యత నాపై పడింది.

సీల్ కోట్ అంటే రోడ్డులోకి నీరు దిగకుండా వేసే పైపొర. శుభ్రంగా ఊడ్చిన రోడ్డుపై కాగిన తారును పలుచగా పోసి, దానిమీద చిక్కుడుగింజంత రాతి చిప్స్‌ను ఒకే వరుసగా పరచి, రోలర్‌తో తొక్కిస్తాము. చాలామంది తారునే రోడ్డని భ్రమపడతారు. బరువు మోసేది, చక్రానికి పట్టునిచ్చేది రాయి. తారు ఆ రాతిని పట్టి ఉంచే జిగురు మాత్రమే. రాయి లేని తారు ఎండకు మెత్తబడి ఎద్దుల గిట్టలకు అంటుకొని లేచిపోతుంది.

ఆ చిప్స్ క్వారీ దుమ్ముతో తెల్లగా వచ్చాయి. దుమ్మున్న రాయిని తారు పట్టదు. దుమ్మును పట్టుకొని రాతిని వదిలేస్తుంది. అందుచేత జల్లెడ పట్టి, చేటలతో చెరగమని కూలి స్త్రీల మేస్త్రి లచ్చవ్వను ఆదేశించాను.

"బియ్యం జెరిగినట్టు రాళ్లు జెరుగుమంటవా సారూ? వండుకతింటవా ఏంది?" అన్నది. అందరూ నవ్వారు.

"రేపటి పని కాగానే రోలర్ కాగజ్‌నగర్ వైపు పోతుంది. రేపు సీల్ కోట్ పడకపోతే వాననీరు అడుగుకు దిగి రోడ్డు చెడుతుంది, బస్సు ఆగిపోతుంది," అన్నాను.

నవ్వు ఆగింది. "బస్సు ఆగొద్దు సారూ! నా కోడలు శ్రావణంల నీళ్లాడుతది. పోయిన వానలకు బస్సు బందైతే, పక్కింటి పిల్ల బురదల దిగబడ్డ బండిల్నే కన్నది," అన్నది లచ్చవ్వ.

మరునాడు ఉదయం నేను వెళ్లేసరికి చిప్స్ కుప్పలు నల్లగా నిగనిగలాడుతూ, నీరు కారుతూ ఉన్నాయి. పైగా ఒక్కొక్క కుప్పకు పసుపు కుంకుమ బొట్లు! ఎంత చెరిగినా చేతికి తెలుపు అంటుతున్నదని, ఆడవాళ్లందరూ గంపలతో బావి దగ్గరకు మోసి కడిగేశారట.

"సూడు సారూ, పెండ్లిపిల్ల లెక్క మెరుస్తున్నయ్!" అన్నది లచ్చవ్వ గర్వంగా.

రోలర్ డ్రైవర్ ఖాజామియా నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! పిల్లకు తానమైతే జేయించిండ్రు, తుడుసుడు మర్సిండ్రు!"

తడి రాయికీ తారుకూ నడుమ నీటి పొర నిలుస్తుంది. ఆ రాయి మొదటి చక్రానికే ఊడిపోతుంది. ఈ సంగతి చెప్పి, "కడగమని నేనన్నానా?" అని గద్దించాను.

"అనలే. దుమ్ము పోవాలంటివి, పోయింది గద!"

వాయవ్యాన మబ్బు కనబడుతున్నది. "వడ్లు తడిస్తే మీ ఇళ్లల్లో ఏం చేస్తారు?" అని అడిగాను.

లచ్చవ్వ వెంటనే ఊళ్లోకి కేకవేసింది. ఇళ్లలోంచి గోనెపట్టాలు, చాపలు వచ్చాయి. వాటిమీద చిప్స్ పలుచగా పరచి, వడ్లు ఆరబోసినట్టే, పాదాలు ఈడుస్తూ చాళ్లు తీసి తిరగేయసాగారు. ఖాజామియా కూడా ఇంజను వదిలి చాపపైకి దిగాడు.

"ఓ ఖాజన్నా, నీ రోలర్ కంటె నువ్వే బరువున్నవు! జర మెల్లగ తొక్కు, రాళ్లు పిండైతయ్!"

"ఫికర్ జేయకు లచ్చవ్వా, రొట్టెలు జేసుకుందువు!"

మధ్యాహ్నం దాటాక ఒక పిడికెడు చిప్స్‌ను నా తెల్ల రుమాలులో వేసి నలిపాను. తడి లేదు, దుమ్ము లేదు. తారు పోయించాను. చేటలతో విత్తనం చల్లినంత సమంగా ఆడవాళ్లు రాయి చల్లారు. వెనుకనే రోలర్ నడిచింది. చివరి చుట్టు ముగిశాక చినుకు మొదలైంది.

తెల్లవారి చీపురుతో ఊడ్పిస్తే గుప్పెడు రాయి కూడా ఊడి రాలేదు. అంతకుముందు కేవలం జల్లెడ పట్టి వేయించిన చిప్స్‌కు అంత గట్టి పట్టు నేనెన్నడూ చూడలేదు.

శ్రావణంలో అదే రోడ్డును తనిఖీ చేస్తుండగా మంథని బస్సు నా పక్కనుంచి సాగింది. కిటికీలోంచి లచ్చవ్వ పసిగుడ్డును ఎత్తి చూపి, "సారూ! దవఖాన్ల పుట్టిండు, తొవ్వల గాదు!" అని అరిచింది.

ఆ తరువాత నీరు దొరికిన ప్రతిచోటా చిప్స్ కడిగించి, పూర్తిగా ఆరబెట్టించాను. క్రమశిక్షణ అంటే చెప్పినంతే చేయించడమని నేను చదువుకున్నాను. చెప్పినదానికంటె ఎక్కువ చేసినవారిని గద్దించి ఆపక, మిగిలిన పని కూడా వారిచేతనే పూర్తి చేయించడం క్రమశిక్షణలో భాగమేనని ఆ చాపలమీద నేర్చుకున్నాను.