హ్ హ్ హ్ అంటే ఆయాసం కాదు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ ఇంకా రాకముందు, నాచారంలో గల్లీకో ఇంగ్లీషు బడి, బడికో పద్ధతి ఉండేవి. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉంటే ఇంట్లో పెళ్లి మాటలెత్తుతారన్న భయంతో నేను మా వీధి చివరి బడిలో ఎల్‌కేజీ టీచర్‌గా చేరాను. కింది వాటా బడి, పై వాటాలో ఇంటి ఓనరు. ఒకరోజు మా పెద్ద మేడమ్ ఏదో శిక్షణకు వెళ్లొచ్చి, "ఇక ఏ, బీ, సీలు బంద్. పిల్లలకు అక్షరాల పేర్లు కాదు, వాటి చప్పుళ్లు నేర్పాలి. దాన్నే ఫోనిక్స్ అంటారు" అని ప్రకటించింది. దేశాన్ని బాగుచేసే పని నాకే అప్పగించినట్టు నడుం బిగించాను. (వయసు అలాంటిది.)

పి అంటే కొవ్వొత్తి ఊదినట్టు 'ప్', ఎస్ అంటే పాములా 'స్స్స్', హెచ్ అంటే పరుగెత్తి వచ్చినట్టు 'హ్ హ్ హ్'. పాము పాఠం రోజు క్లాసంతా ఒక్కసారిగా బుసకొట్టేసరికి ఓనరు కట్టె పట్టుకుని దిగివచ్చి, "టీచర్, ఎటువోయింది?" అని బెంచీల కింద వెతికాడు. పాము నేనేనని చెప్పడానికి చాలా సేపు పట్టింది.

అసలు చిక్కు చిన్నితో వచ్చింది. మహా శ్రద్ధగల పిల్ల, చెప్పింది ఇంట్లో కూడా చేసేది. వాళ్ల నానమ్మ ఒక శుక్రవారం పిల్లను రెక్క పట్టుకుని వచ్చింది. "ఏంది టీచరమ్మా గీ సదువు? పొద్దుమాపు హ్ హ్ హ్ అని రొప్పుతది. దమ్ము రోగమనుకొని దవాఖానకు తీస్కపోయిన. డాక్టరేమో మంచిగనే ఉందంటడు. పక్కింటి పోరి ఏబీసీడీలు గడగడ జెప్తది, మాదేమో రొప్పుతది! సోమారం నుంచి వేరే బడికి తోలుతం" అని వెళ్లిపోయింది. పెద్ద మేడమ్ ముఖం పాలిపోయింది. "ఆ పిల్ల పోతే ఆ గల్లీ పిల్లలంతా పోతారు. మళ్లీ ఏబీసీడీలే చెప్పేయ్." నేను ససేమిరా అన్నాను. "ఆదివారం దాకా ఆగండి మేడమ్."

ఆదివారం వాళ్లింటికి వెళితే నానమ్మ చిన్నిని వెంటబెట్టుకుని ఉప్పల్‌లో కూరగాయలకు బయలుదేరుతోంది. "కూసునే టైం లేదు బిడ్డా" అంది. అయితే నేనూ వస్తానన్నాను. ఉప్పల్‌లో ఆటో దిగింది మొదలు బేకరీ బోర్డు, చెప్పుల షాపు బోర్డు, బస్సు మీది అక్షరాలు, అన్నీ చూపించి "చప్పుళ్లు కలుపు చిన్నీ" అని బతిమాలాను. చిన్ని నా ముఖం చూస్తుందే తప్ప నోరు విప్పదు. నానమ్మ చూపుకు నాకే ఆయాసం మొదలైంది. ఇక ఊరుకున్నాను. అప్పుడు ఒక చిన్న డబ్బా కొట్టు ముందు చిన్ని తనంతట తానే ఆగి, పైనున్న ఇంగ్లీషు బోర్డు చూసి, "ప్... యా... న్. ప్యాన్!" అని అరిచింది.

"ప్యాన్ కాదే పిచ్చిదానా, పాన్! గది పాన్ డబ్బ" అంది నానమ్మ. అని, అక్కడే నిలబడిపోయింది. "నీకెవలు జెప్పిన్రే?"

"ఎవ్వలు జెప్పలే. ఆడ రాసుంది."

నానమ్మ బోర్డునూ పిల్లనూ మార్చి మార్చి చూసింది. "ఏబీసీడీలు రాకుండనే సదివిందా!" ఇక కూరగాయల మాట ఎవరికి గుర్తు? దారిలోని ప్రతి బోర్డు ముందూ మమ్మల్ని ఆపింది. సోమవారం గేటు దగ్గర ఇంకో తల్లితో ఆమె, "రొప్పుడు కాదమ్మా, గది సదువు. నీకు తెల్వది" అంటుంటే మేడమ్ నా వైపు చూడకుండా నవ్వుకుంది.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఉప్పల్ మీదుగా వెళ్తుంటాను. ఎండలో అంగడి అంగడికీ ఆగి నాలుగేళ్ల పిల్లను ప్రాధేయపడిన అప్పటి ఆ టీచరమ్మాయి గుర్తొస్తే, ఆదివారం కూడా పసిదాన్ని వదలవా అని ఒక మొట్టికాయ వేయాలనిపిస్తుంది. వేయబుద్ధి కాదు. ఒక పని మీద అంత గట్టి నమ్మకం పెట్టుకోవడం ఇప్పుడు నాకు చేతకాదు మరి.