దేవరాజులు ఇంట్లో కృతజ్ఞత కూడిక

బండి బోల్తా పడినా కొడుకు ప్రాణాలతో బయటపడ్డాడని సంఘ పెద్ద దేవరాజులు పుంగనూరులో తన ఇంటి ముందు షామియానా వేయించి కృతజ్ఞత కూడిక పెట్టాడు. కుప్పం నుంచి పాస్టరును రప్పించాడు. మటన్ బిర్యానీ వండించాడు. అదే బండిలో చచ్చిపోయిన రేవతి తల్లి చిన్నమ్మను కూడా పిలిచాడు. సిగ్గనేది ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు.

తల్లీకూతుళ్లు మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటాలు ఏరే కూలీలు. నెల కిందట పని ముగించుకుని పికప్ వెనక తొట్టిలో ఎక్కి వస్తుంటే, దేవరాజులు కొడుకు మునికుమార్ నడుపుతున్న ఆ బండి మలుపులో బోల్తా పడింది. వాడికి చెయ్యి విరిగింది. చిన్నమ్మ దెబ్బలతో బయటపడింది. రేవతి అక్కడికక్కడే పోయింది.

ఆ తర్వాత విశ్వాసులంతా దేవుడి తరఫు ప్లీడర్లలా చిన్నమ్మ ఇంటికి దిగారు. పరీక్ష అన్నారొకరు, దాచుకున్న పాపమేదో ఉందన్నారొకరు. టీ తాగి లేచిపోయారు. చిన్నమ్మకు మాత్రం ప్రార్థన ఆగిపోయింది. మోకాళ్లూనితే నోరు పెగిలేది కాదు. బిడ్డను చంపినవాడని వీళ్లు చెప్పే దేవుడితో ఏం మాట్లాడాలి?

కూడికలో పాస్టరు గొంతు చించుకున్నాడు. "దేవదూతలు మునికుమార్‌ను చేతుల్లో ఎత్తుకున్నారు! హల్లెలూయా!"

"నా బిడ్డ కూడా ఆ బండిలోనే ఉండె గదప్పా. వాళ్లకు కనపడలేదా?" అంది చిన్నమ్మ.

దేవరాజులు జాలిగా మొహం పెట్టాడు. "అట్లనగూడదమ్మా. మంచి పువ్వును దేవుడు ముందే కోసుకుంటాడు."

"అట్లయితే నీ కొడుకేమి, కలుపు మొక్కా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అంతా దేవుని చిత్తమమ్మా."

చిన్నమ్మ లేచి నిలబడింది. "దేవుని చిత్తమా? తొట్టిలో కూసోని క్యాబిన్ అద్దంలోంచి సూస్తానే ఉంటి. ఫోనులో వీడియో సూసుకుంటా తోలినాడు నీ కొడుకు. బండి తట్టి అరిసినా ఇనలే. దోవ సూసుకోమని దేవుడు కండ్లిచ్చినాడు, మెడ పట్టుకోని తిప్పలేదు. సొంత కొడుక్కి మేకులు కొడతాంటేనే ఆయన ఎవురి చెయ్యీ పట్టుకోలే. ఏల పట్టుకోలేదో ఆయన్ని నేనే అడుగుతా. మీరు సేసింది మాత్రం తీసకపోయి ఆయన నెత్తిన పెట్టొద్దండి."

పాట ఎత్తుకోమని పాస్టరు సైగ చేశాడు. ఎవరూ ఎత్తుకోలేదు. మునికుమార్ కట్టుచేత్తో లేచాడు.

"మీరు తట్టింది నాకు వినపడిందమ్మా. ఫోను ఆపలే."

"కూసోరా!" అంటూ దేవరాజులు వాడి చొక్కా పట్టి గుంజాడు. వాడు కూర్చోలేదు.

క్షమించానని చిన్నమ్మ అనలేదు. అదేమీ బిర్యానీతో పాటు వడ్డించే సరుకు కాదు. తినకుండా ఇంటికి వచ్చి మోకాళ్లూనింది. "ప్రభువా" అని పిలిచి, ఆయన్ని నిలదీయడం మొదలుపెట్టింది.